నాటే ముందు నీళ్ల లెక్క చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

వానాకాలం వస్తోంది. వన మహోత్సవం పేరుతో మళ్లీ గుంతలు తవ్వుతారు, నర్సరీల నుంచి మొక్కలు బండ్లకెత్తుతారు. ఆ బండ్లు కదలకముందే ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రిటైరయ్యాక మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వెనక ఖాళీ జాగాలో తోట పెట్టాను. ఆశకొద్దీ నలభైకి పైగా కుండీలు, నాలుగు మళ్లు, రెండు పందిళ్లు. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఏప్రిల్‌లో బోరు కూడా తగ్గింది. పొద్దున ఆరింటికి పైపు పట్టుకుంటే తొమ్మిదైనా సగం కుండీలకు తడి అందేది కాదు. చెట్ల మధ్య ప్రశాంతంగా ఉందామనుకున్నవాడికి రోజూ టెన్షనే. మా ఇంటావిడ చూసి చూసి ఒకరోజు అంది: "గిన్ని ఎందుకు? నీళ్లు అందేటన్నే ఉంచుకుందాం."

నిజానికి బీరపాదు దగ్గరే నాకు అర్థం కావాల్సింది. గుంతకు ఐదారు గింజలు వేస్తే అన్నీ మొలిచాయి. రెండు ఉంచి మిగతావి పీకేయాలని తెలుసు, చేతులు రాలేదు. అన్నీ సన్నగా పందిరెక్కాయి. పిందెలు వేలెడు కూడా కాకుండానే పసుపుబారి రాలిపోయాయి. మరుసటి ఏడు గుంతకు రెండే ఉంచాను. ఇంటికి సరిపోను కాసి, పక్కింటికీ పంపాం.

ఇప్పుడు మా దొడ్లో ఉన్నవి కరివేపాకు, నిమ్మ, వంకాయ, గోంగూర, ఒక బీరపాదు, ఒక గుండుమల్లె. మొదళ్లలో వేరుశనగ పొట్టు పరుస్తాను, మా పాలమూరులో దానికి కొదవ లేదు. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి ఆ పొట్టును వేళ్లతో జరిపితే కింద మట్టి చల్లగా చేతికి అంటుతుంది. పైపుతో పని అరగంటలో అయిపోతోంది. అదే కత్తెర ఇంట్లో పనులకూ వేశాను. మూడు సంఘాల్లో సభ్యత్వం, రెండు చిట్టీల లెక్కలు వదిలేసి, సాయంత్రం వీధి పిల్లలకు లెక్కలు చెప్పడం ఒక్కటే పెట్టుకున్నాను.

ఇక ఊరి సంగతి. మా కాలనీ ఖాళీ స్థలంలో రెండేళ్ల కిందట ఒక్క పూటలో వంద దాకా మొక్కలు నాటారు. ఫొటోలు దిగారు. దసరా దాకా వానలే పోశాయి. ఆ తర్వాత ట్యాంకర్ నాలుగైదు సార్లు వచ్చి ఆగిపోయింది. మే నెలలో నేను నడిచి లెక్కపెడితే పచ్చగా ఉన్నవి పదకొండు. మిగతా చోట్ల ఎండుపుల్లలు, వాటికి కట్టిన వెదురు కర్రలు. మొక్క చనిపోతే పోయేది మొక్క ఒక్కటే కాదు. పెంచిన నర్సరీ కూలీల కష్టం, పోసిన నీళ్లు అన్నీ పోయినట్టే.

మనకు చట్టం లేక కాదు. 2015లో రాష్ట్రంలో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని ఊళ్లకు చెప్పింది. అయినా జూలైలో అందరూ అడిగేది ఎన్ని నాటారనే. మే నెలలో ఎన్ని బతికాయని అడిగేవారు తక్కువ.

దగ్గరుండి చూసుకుంటే ఏమవుతుందో మన మహబూబ్‌నగర్ దగ్గరి పాత మర్రిచెట్టు, పిల్లలమర్రే చెబుతుంది. చెదలు తిని కొమ్మ విరిగిపడితే, 2018లో సెలైన్ సీసాల్లో మందు కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు, ఒరిగిన కొమ్మలకు ఆసరా కట్టారు. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ చెట్టు ఇప్పటికీ నిలబడి ఉంది. ప్రతి మొక్కకూ అంత సేవ చేయలేం, నిజమే. అందుకే తక్కువ నాటమంటున్నాను.

అధికారులకు నా మనవి ఇది. ఈసారి వార్డుకు ఎన్ని మొక్కలో ముందే అంకె రాసుకోవద్దు. వార్డుకు ట్యాంకర్ వారానికి ఎన్నిసార్లు రాగలదో, ఒక్క ట్యాంకర్ ఎన్ని మొక్కలకు సరిపోతుందో చూసి, అన్నే నాటండి. వేప, కానుగ, చింత, నేరేడు లాంటి మన ఎండకు ఆగే చెట్లు పెట్టండి. మే చివర బతికినవి లెక్కపెట్టి ఆ అంకెను వార్డు ఆఫీసు గోడ మీద రాయండి. కొత్తవి ఎన్ని ఇవ్వాలో దాన్ని బట్టి తేల్చండి.

మా కాలనీలో మిగిలిన పదకొండింటిలో వీధి చివరి మూడు వేపమొక్కలకు నేను నీళ్లు మోస్తున్నాను. మిగతా ఎనిమిదింటికి ట్యాంకర్ ఏ రోజు వస్తుందో చెబితే, పైపు పట్టుకోవడానికి కూడా నేను సిద్ధం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మహబూబ్‌నగర్