మినహాయింపుతో వచ్చిన కంపెనీల జాబితా బయటపెట్టాలి

సంపాదకులకు,

2020 మార్చి 27న, దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకుని కూర్చున్న వేళ, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బల్క్ డ్రగ్ (మాత్రలు, సూదిమందుల్లో వాడే అసలు మందు పదార్థం) ప్రాజెక్టులను పర్యావరణ అనుమతుల ‘ఎ’ విభాగం నుంచి ‘బి2’లోకి మార్చింది. అంటే పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అసలే అక్కర్లేదు. ఈ మార్పుపై అభ్యంతరాలు చెప్పుకునే అవకాశాన్ని సైతం ‘ప్రజా ప్రయోజనం’ పేరిట తీసేశారు.

కరోనా రోజుల్లో మందులు కావాలంటే ఎవరు కాదంటారు? అయితే ఈ వెసులుబాటు కరోనా మందులకే కాదు, బల్క్ డ్రగ్స్, వాటి తయారీలో మధ్య దశలో వచ్చే రసాయనాలైన ఇంటర్మీడియట్స్ అన్నింటికీ దక్కింది. సెప్టెంబర్ 30 వరకు వచ్చే దరఖాస్తులకే అన్న గడువును ఆ తర్వాత పొడిగించారు. గడువు దరఖాస్తుకే, కట్టిన ఫ్యాక్టరీకి కాదు.

మందుల ఫ్యాక్టరీలు వదిలే నీళ్ల సంగతి పటాన్‌చెరు వాళ్లకు కొత్తగా చెప్పాలా? ఇక్కడ దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి చేశాక తేలిన లెక్క ఇది! ఆ నీళ్లు నక్కవాగు మీదుగా మంజీరలో కలిసేవి.

ప్రజాభిప్రాయ సేకరణ గొప్పగా జరుగుతుందని నేననను. షామియానా కింద ముందు వరుసలన్నీ కంపెనీ మనుషులవే, చుట్టూ పోలీసులు. అయినా ఎవరో ఒక రైతు రంగు మారిన బోరు నీళ్లు సీసాలో తెచ్చి అధికారుల బల్ల మీద పెడతాడు. అదంతా వీడియోలో రికార్డవుతుంది, మినిట్స్‌కెక్కుతుంది. రేపు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్తే ఊరి చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

2025 సెప్టెంబర్‌లో యురేనియం వంటి అణు ఖనిజాలు, కీలక ఖనిజాల తవ్వకాలకూ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. ఈసారి కారణం దేశ రక్షణ. కరోనా అయినా ఎప్పుడో తగ్గింది, దేశ రక్షణ అవసరం ఎప్పుడు తీరుతుంది? యురేనియం పేరు వింటేనే ఉలిక్కిపడే తుమ్మలపల్లె, కప్పట్రాళ్ల, నల్లమల ఊళ్ల వాళ్లు ఇక తమ మాట ఎక్కడ చెప్పుకోవాలి?

2020 నోటిఫికేషన్ కింద రెండు తెలుగు రాష్ట్రాల్లో అనుమతి పొందిన బల్క్ డ్రగ్ యూనిట్ల పేర్లను కాలుష్య నియంత్రణ మండళ్లు ఊరి వారీగా ప్రకటించాలి. వాటి చుట్టుపక్కల బోర్ల నీటిని పరీక్షించి, ఫలితాలను గ్రామసభల్లో చదివి వినిపించాలి. అనుమతి ఇచ్చేటప్పుడు ఎగ్గొట్టిన ప్రజాభిప్రాయ సేకరణను ఆ యూనిట్లు విస్తరణకు దరఖాస్తు చేసేలోపే జరపాలి.

– ఒక పాఠకుడు, పటాన్‌చెరు