పెళ్లి కార్డులో పోయిన వత్తు గురించి మా కస్టమర్లకు

నమస్కారమండీ. చెన్నై జార్జ్‌టౌన్‌లో మా ప్రెస్సుకు వచ్చేవాళ్లలో చాలామంది చెవిన ఈపాటికి పడే ఉంటుంది. నిజమే. గత నెల ఒక శుభలేఖలో పెళ్లికూతురి పేరు తప్పు పడింది. జ్ఞానప్రసూన కాస్తా జానప్రసూన అయింది. 400 కార్డులు.

ఎలా జరిగిందో చెప్తాను. మీరు వాట్సాప్‌లో పంపే మ్యాటర్ యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉండే పద్ధతిలో ఉంటుంది. మా షాపులో మాత్రం నిన్నమొన్నటి దాకా కంప్యూటర్ కంపోజింగ్‌కి వాడే పాత డీటీపీ ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరే. ఆ ఫాంట్లలో కంప్యూటర్ లెక్క ప్రకారం తెలుగే లేదు. ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉండే గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట. ఫాంట్ మారిస్తే 'శ్రీరస్తు' కూడా కామాలూ బ్రాకెట్లూ అయిపోతుంది. పేజ్‌మేకర్ ఏమో యూనికోడ్ నేర్చుకోకుండానే 7వ వెర్షన్‌తో ఆగిపోయింది. అందుకే ఇన్నేళ్లూ మీ మ్యాటర్ మొత్తం మళ్లీ టైపు చేసేవాళ్లం. ఆ రాత్రి మూడు పనులు మీద పడ్డాయి. మా కుర్రాడు టైపు చేయకుండా, యూనికోడ్‌ని పాత ఫాంట్లలోకి మార్చే కన్వర్టర్‌లో వేశాడు. మార్చడంలో ఒక్క ముక్క, 'ఞ' వత్తు, జారిపోయింది. తప్పు వాడిది కాదు. ప్రూఫ్ చూసింది నేను. ముహూర్తం, మండపం చిరునామా రెండుసార్లు చదివాను, పేరు చదవలేదు.

ఇంకో సంగతి ఉంది. ప్రూఫ్ ఫోన్‌లో పంపితే 'ఓకే అంకుల్' అని జవాబొచ్చింది. ఇక్కడ పుట్టిన పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదివేది తమిళం, ఇంగ్లిష్. ఆ సంగతి తెలిసి కూడా ఆ ఓకేని నేను ప్రూఫ్ కింద జమకట్టాను. తప్పు కనిపెట్టింది వాళ్ల నాయనమ్మగారు, కార్డులు పంచడం మొదలయ్యాక.

ఈ 'జ్ఞా' మామూలుది కాదులెండి. 2018 ఫిబ్రవరిలో దీనికి కంటికి కనపడని ఒక గుర్తు తోడైతే చాలు, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు.

ఈ నెల నుంచి అంతా యూనికోడ్, పేజ్‌మేకర్ బదులు ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే. 1991 మొదటి వెర్షన్ నుంచే యూనికోడ్‌లో తెలుగు ఉంది. మేమే ఆలస్యం. అందులో 'జ్ఞా' అంటే జ, పొల్లు, ఞ, దీర్ఘం, వరసగా నాలుగు. అతికించే పని ఫాంట్‌ది. మీరు పంపింది పంపినట్టే కార్డులోకి వస్తుంది. అమెరికా తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన మండలి, రామభద్ర, సూరన్న ఫాంట్లు వాడుతున్నాం. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. మొదటి వారం ఆ టెన్షన్‌తో నిద్రే లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. పాత ఒంపుల అక్షరాలు కొన్ని ఈ యూనికోడ్ ఫాంట్లలో దొరకవు. శీర్షికకు అవే కావాలంటే బొమ్మగా పెడతాం. 'అన్నయ్య పెళ్లి కార్డే, పేర్లు మార్చండి' అంటే మాత్రం ఇకపై కుదరదు, అది పాత ఫాంట్లలో ఉంది. కొత్తగా కంపోజ్ చేయాలి, 300 రూపాయలు ఎక్కువవుతుంది. ప్రూఫ్ కాగితం మీద ఇస్తాం, తెలుగు చదవగలిగినవాళ్లు సంతకం పెట్టాలి. ఇంట్లో ఎవరూ లేకపోతే మా ఆవిడ ఫోన్‌లో పైకి చదివి వినిపిస్తుంది.

ఆ 400 కార్డులూ మా ఖర్చుతోనే మళ్లీ వేసిచ్చాం. మాఘమాసం ముహూర్తాలవాళ్లు మూడు వారాలు ముందే మ్యాటర్ పంపండి. ఫొటో తీసి కాదు, టైపు చేసి.