శరణార్థి సంసారాలకు గోడ కావాలి, కాగితం కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. శ్రీలంక తమిళ శరణార్థుల గురించి పేపర్లో ఎప్పుడు వచ్చినా పౌరసత్వం ఇస్తారా, వెనక్కి పంపుతారా అన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. ఈ రెండూ తేలేలోగా నలభై ఏళ్లు గడిచాయి. ఆ నలభై ఏళ్లలో తమిళనాడులో వాళ్లుంటున్న క్యాంపుల్లో పెళ్లిళ్లు జరిగాయి, పిల్లలు పుట్టారు, మొగుడూపెళ్లాలు గొడవపడ్డారు, కొందరు విడిపోయారు. ఆ సంసారాలు నిలబడటానికి ప్రభుత్వం దేనిమీద డబ్బు పెట్టాలన్నదే నా ఉత్తరం.

మాది సూళ్లూరుపేట. రంగులు, హార్డ్‌వేర్ కొట్టు నడుపుతాను. చెన్నై లోకల్ ఎక్కితే తడ, ఆరంబాకం దాటాక గుమ్మిడిపూండి వస్తుంది. తమిళనాడులోని పెద్ద క్యాంపుల్లో ఒకటి అక్కడుంది. క్యాంపుల్లో ఉండే మగవాళ్లలో చాలామందికి పెయింటింగే బతుకుతెరువు. లప్పం పట్టడంలో వాళ్ల పనితనం చూసి మా వైపు మేస్త్రీలు కూడా మెచ్చుకుంటారు. మా కొట్టుకు వచ్చే ఒకాయన, ప్రైమర్ డబ్బా ఎత్తుకుంటూ అన్నాడు: "పగలంతా త్రిబుల్ బెడ్‌రూముకు రంగేస్తాను అన్నా, రాత్రికి పదడుగుల గదికి పోతాను." ఆ గదిలోనే అమ్మానాన్న, తను, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. తమ్ముడికి పెళ్లయ్యాక మధ్యలో చీర అడ్డం కట్టారట. పెళ్లాంతో మాటామాటా వచ్చినా గొంతు పెంచలేడు, పక్కగదిలో తుమ్మినా వినిపిస్తుంది. కోపం మింగుకుని బయటికి పోతే దొరికేది సారాకొట్టు దారే అని నవ్వుతూ చెప్పాడు గానీ, అది నవ్వే సంగతి కాదు.

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. క్యాంపుల్లో పాత ఇళ్ల కొలత ఇది. తాత్కాలికం అనుకుని వేసిన రేకుల గదుల్లో మూడో తరం పుట్టింది. కుటుంబాలు పెరిగాయి, గదులు పెరగలేదు. 2021 ఆగస్టులో ముఖ్యమంత్రి స్టాలిన్ అసెంబ్లీలో రూ.317.40 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు, అందులో పెద్ద భాగం శిథిలమైన 7,469 ఇళ్లను తిరిగి కట్టడానికే పోయింది. మరుసటి ఏడాది దిండిగల్ దగ్గర తోట్టనూత్తులో 321 ఇళ్లు ఇచ్చారు. దాన్ని అందరూ గృహనిర్మాణ పథకం అన్నారు. నన్నడిగితే, శరణార్థి దంపతుల కోసం ఈ దేశంలో ఇంతవరకు ఏదైనా ప్రభుత్వం చేసిన మంచి పని అదే. మొగుడూపెళ్లాలు తలుపు వేసుకుని మాట్లాడుకునే వీలు దొరికింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, కుటుంబాలను బలపరచడం అనగానే మనవాళ్లకు కౌన్సెలింగ్ క్లాసులే గుర్తొస్తాయి. అమెరికాలో ఆ పని పెద్ద ఎత్తున చేశారు. 2005 నాటి ఒక చట్టంతో వివాహబంధాలకు, తండ్రుల బాధ్యతకు కలిపి ఏటా 15 కోట్ల డాలర్లు కేటాయించారు. అక్కడి శరణార్థుల పునరావాస కార్యాలయం కూడా శరణార్థి జంటలకు తరగతులు నడపమని స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చింది. అల్పాదాయ దంపతుల తరగతుల మీద ప్రభుత్వమే చేయించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, భార్యాభర్తల మాటతీరు కాస్త మెరుగుపడింది గానీ కలిసి నిలిచిన జంటలు పెరగలేదు. క్లాసులు దండగ అనను. దేశం మారినప్పుడు పిల్లలకు భాష ముందొచ్చి తండ్రి మాట చెల్లకపోవడం, భార్యకు ముందు ఉద్యోగం రావడం, ఇలాంటి వాటికి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల్సిందే. కానీ అమెరికా వెళ్లిన శరణార్థికి ఏడాది తిరిగేసరికి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. మన దగ్గరున్నవాళ్లకు లేనిది అదే.

పెళ్లికీ కాగితానికీ సంబంధమేమిటంటారా? భారతీయుణ్ని పెళ్లాడిన విదేశీయురాలు ఏడేళ్లు ఇక్కడ నివసిస్తే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చని చట్టంలో ఉంది. అక్రమ వలసదారు అయితే మాత్రం ఆ అవకాశం లేదు. క్యాంపుల్లోనివాళ్లను కేంద్రం ఆ లెక్కలోనే వేస్తూ వచ్చింది. అంటే తిరువళ్లూరు జిల్లా కుర్రాడు క్యాంపు పిల్లను చేసుకుంటే ఆమె ఎన్నేళ్లు కాపురం చేసినా పరాయిదే. 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టిన పిల్లలకైతే తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైనా సరిపోదు, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు కట్నం కన్నా ముందు ఈ సంగతి అడుగుతున్నారట. ఇక పొరుగు దేశాల నుంచి వచ్చిన కొందరికి పౌరసత్వం ఇచ్చే 2019 పౌరసత్వ సవరణలో శ్రీలంక ఊసే లేదు. 2025 సెప్టెంబరులో కేంద్రం, 2015 జనవరి 9కి ముందు వచ్చి పేరు నమోదైనవాళ్లకు పాస్‌పోర్టు, వీసా లేవన్న శిక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. సంతోషమే. పౌరసత్వం మాట అందులో లేదు.

ఇంకో చిక్కు డబ్బు చేతికందే తీరులో ఉంది. క్యాంపు కుటుంబాలకు ప్రభుత్వమిచ్చే సాయం 2021 పెంపు తర్వాత కుటుంబ పెద్దకు నెలకు రూ.1,500, మిగతా పెద్దలకు వెయ్యి, పిల్లలకు 500. తాగి తందనాలాడే మొగుడు కుటుంబ పెద్ద అయితే ఆ ఇంటి గతేమిటో ఎవరైనా ఊహించగలరు. గృహహింస చట్టం పౌరసత్వం అడగదు, ఏ మహిళైనా ఫిర్యాదు చేయవచ్చు. అయినా క్యాంపు ఆడవాళ్లు వెనకాడతారు. కేసు పెడితే మొగుణ్ని తిరుచ్చి స్పెషల్ క్యాంపుకు (కేసులున్న విదేశీయులను నిర్బంధించే చోటు) పంపేస్తారేమో, అప్పుడు ఇల్లు గడిచేదెలా అన్న టెన్షన్. ఇక్కడ మాత్రం కౌన్సెలర్ నిజంగా అవసరం. పోలీసు కాని మనిషి కావాలి, అది కూడా క్యాంపులోనే చదువుకున్న ఆడపిల్లే అయితే మేలు. డిగ్రీలు చేసి ఉద్యోగం దొరకని అమ్మాయిలు అక్కడ చాలామందే ఉన్నారు.

పరాయి రాష్ట్రం గొడవ మనకెందుకు అనేవాళ్లకు ఒక మాట. వాళ్ల సాయంలో కేంద్రం సొమ్ము కూడా ఉంది, అందులో మన పన్నూ ఉంది. పైగా విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది కదా, అది బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చిన మన తెలుగువాళ్ల కోసం వెలసిందే. వాళ్లను కాందిశీకులు అన్నారు గానీ అక్రమ వలసదారులు అనలేదు. అప్పట్లో బర్మా, శ్రీలంకల నుంచి తిరిగొచ్చినవాళ్లకు చేయూతగా 1969లో రెప్కో బ్యాంకు కూడా పెట్టారు. ఈ రోజు ఆ పేటలో ఎవరి పెళ్లికీ పౌరసత్వం అడ్డు రావడం లేదు.

కాబట్టి నేను కోరేది ఇది. మిగిలిన పాత గదులన్నీ తీసేసి ఇళ్లు కట్టడం ముందు పూర్తి చేయాలి. నెలనెలా ఇచ్చే సాయం భార్య ఖాతాలో పడాలి. ప్రతి క్యాంపుకూ ఒక మహిళా కౌన్సెలర్‌కు జీతమిచ్చేలా బడ్జెట్‌లో విడిగా పద్దు పెట్టాలి, నాలుగు రోజుల వర్క్‌షాప్ పెట్టి ఫోటోలు దిగితే సరిపోదు. భారతీయులను పెళ్లాడినవాళ్ల వరకైనా అక్రమ వలసదారు అన్న ముద్ర తీసేసి దరఖాస్తులు తీసుకోవాలి. ఈ చివరిది కేంద్రం చేతిలోనే ఉంది, పైసా ఖర్చు లేదు. మన తిరుపతి, నెల్లూరు ఎంపీలు పార్లమెంటులో దీనిమీద ఒక ప్రశ్న అడగవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సూళ్లూరుపేట