సెవెన్ పిల్లర్స్: ఏ ప్రతి కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

అందరికీ నమస్తే. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కుల మీద అరబ్బుల తిరుగుబాటుకు తోడు నిలిచిన బ్రిటిష్ అధికారి టీ.ఈ. లారెన్స్ ఆ అనుభవాలతో రాసిన 'సెవెన్ పిల్లర్స్ ఆఫ్ విజ్డమ్' కొనేముందు ఇది చూడండి. 'సెవెన్ పిల్లర్స్' ఒకటి కాదు. తొలి రాతప్రతి 1919 చివర్లో రెడింగ్ స్టేషన్‌లో పోయింది. మళ్లీ రాసి 1922లో ఎనిమిది కాపీలే వేయించాడు, దాదాపు 3,35,000 పదాలు. దాన్ని రెండున్నర లక్షల పదాలకు చెక్కితే 1926 చందాదారుల ప్రతి (ముందే డబ్బు కట్టినవాళ్ల కోసం వేసింది). షాపుల్లో మామూలుగా దొరికేది ఇదే. 1927 నాటి 'రివోల్ట్ ఇన్ ది డెజర్ట్' దీనికి సంక్షిప్తం. సగమే ఉంటుంది, పొరపాటున అది కొనకండి.

ముందు అరబ్బులతో ఎలా మెలగాలో తోటి బ్రిటిష్ అధికారులకు ఆయన రాసిన 1917 ఆగస్టు నాటి సూచనలు, 'ట్వెంటీ సెవెన్ ఆర్టికల్స్' చదవండి, కొద్ది పేజీలే. తర్వాత నేరుగా 'సెవెన్ పిల్లర్స్' 33వ అధ్యాయానికి వెళ్లండి. అరేబియాలోని వాదీ ఐస్ అనే లోయలో జ్వరంతో గుడారంలో పడుకుని చేసిన లెక్క అది: టర్కుల చేతిలో ఉన్న మదీనాను పట్టుకోవద్దు, అక్కడికి వెళ్లే రైలును ఈడ్చుకుంటూ నడవనివ్వాలి, టర్కులు అక్కడే ఇరుక్కుని తింటూ కూర్చుంటారు. పుస్తకానికి గుండెకాయ ఇదే అనిపిస్తుంది.

పీడీఎఫ్‌లో అకాబా (అరబ్బులు టర్కుల నుంచి పట్టుకున్న ఓడరేవు) అని ఇంగ్లిష్‌లో వెతికితే దొరక్కపోవచ్చు. క్యూ బదులు కే పెట్టి చూడండి. పేర్ల స్పెల్లింగ్ ఆయన కావాలనే ఒకే తీరుగా ఉంచలేదు.

అరబ్బులే ముందుగా ఊరు చేరినట్టు అనిపించే డమాస్కస్ ఘట్టాన్ని మాత్రం అలాగే నమ్మొద్దు. 1918 అక్టోబర్ 1 పొద్దున్నే ఆస్ట్రేలియా గుర్రపు దళం ఆయనకన్నా ముందే ఊళ్లోకి వచ్చేసింది.

అన్నట్టు, తన మరో పుస్తకం 'ది మింట్'ను లారెన్స్ ముగించింది కరాచీలో, వైమానిక దళంలో మామూలు సిపాయిగా ఉన్నప్పుడు.