వంగుతది గదా అని వంచనియ్యకు

ఏమే పిల్లా, ఎట్లున్నవ్. మీ మహబూబ్‌నగర్ దిక్కు వానలు పడ్డయా, మా నల్గొండల అయితే రోజూ మబ్బు పట్టుడే గని పడుడు లేదు. నీ వాయిస్ మెసేజ్‌లు అన్నీ విన్న, రెండోదాంట్ల సగం ఏడ్సుడే ఉన్నది, ఏమన్నవో సమజ్ కాక మల్లొకసారి విన్న. ఫోన్ల చెప్దామంటే నీ పక్కపొంటి ఎవరో ఒకరు ఉంటరు, నువ్వు ఊఁ ఊఁ అంటవ్ తప్ప ఒక్క ముచ్చట మతిల పెట్టుకోవు, అందుకే కూసోని రాస్తున్న. పొడుగైతది, అన్నం తిన్నంక నిమ్మలంగ సదువు.

మొదాలు ఆ ఏడ్సుడు బంద్ చెయ్యి. నీ బిడ్డను చూసిన డాక్టర్ హైపర్‌మొబిలిటీ అన్నడంటే దాని కీళ్లు వంగాల్సినదానికంటె ఎక్కువ వంగుతున్నయ్ అని. కీలును పట్టుకోని ఉండే లిగమెంట్లు ఉంటయ్ గదా, అవి కొలాజెన్ అనే ప్రొటీన్‌తోటి తయారైతయ్, నాకు గుడ ఇదే ఉన్నది, మాసొంటోళ్లకు అవి జర ఎక్కువ సాగుతయ్, పాత లాగు ఎలాస్టిక్ అనుకో. ఇది ఇంట్ల ఒకరి నుంచి ఒకరికి వస్తది, నీ చెయ్యి గుడ ఒకసారి చూస్కో. ఆ డాక్టర్ బిడ్డ చిటికెన వేలు ఎనుకకు వంచి, బొటనవేలు మణికట్టు దిక్కు ఆనిపిచ్చి, మోచేతులు మోకాళ్లు సాపమని, ఆఖరికి మోకాళ్లు వంచకుంట అరచేతులు నేలకు ఆనియ్యమన్నడు అన్నవ్ గదా, దాన్ని బైటన్ స్కోర్ అంటరు, మొత్తం 9 మార్కులు. పెద్దోళ్లకు 5 వస్తే కీళ్లు ఎక్కువ సాగుతున్నట్టు లెక్క, చిన్న పిల్లలకు 6 రావాలె, ఎందుకంటే పిల్లలందరి ఒళ్లు ఎట్లైనా మెత్తగనే ఉంటది. మార్కులు ఎక్కువ వచ్చినంత మాత్రాన రోగం అని కాదు మల్ల, డాన్స్ చేసేటోళ్లల్ల మస్తు మందికి ఇట్లనే ఉంటది, వాళ్లకు ఏ నొప్పీ ఉండది. నొప్పి, అలసట, ఊకె కాలు బెణుకుడు, గూడ అంటే భుజం కీలు జారుడు ఇవి తోడైతేనే పట్టించుకోవాలె. దీంట్ల ఎహ్లర్స్ డాన్లస్ అని పెద్ద పేరున్న జబ్బు ఒకటి ఉంటది, 2017ల డాక్టర్లు కూసోని దాన్ని 13 రకాలు చేసిన్రు. అండ్ల అందరికంటె ఎక్కువ కనవడేది కీళ్లు సాగే రకమే, దానికి మాత్రం ఇంకా జీన్ దొరకలే, అందుకే రక్త పరీక్షల తేలది. నువ్వు గూగుల్ల అవన్నీ సదివి రాత్రుళ్లు నిద్ర చెడగొట్టుకోకు.

మన నల్గొండల ఈ ముచ్చట చెప్పుడు ఎంత కష్టమో నీకు తెల్వది. ఇక్కడ కీళ్ల నొప్పులు అంటే ఎవ్వరికైనా మొదాలు మతికొచ్చేది ఫ్లోరైడ్ నీళ్లే. మర్రిగూడ, మునుగోడు దిక్కు మెడ తిప్పరాక, మోకాళ్లు సాపరాక, నడుము వంగిపోయి పడ్డోళ్లను చూస్కుంటనే పెరిగినం. తాగే నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మన బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండేది, పటిక సున్నం కలిపి నీళ్లు బాగుచేసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టిన్రు. గసొంటి జాగల ఉండి, నా కీళ్లు బాగ వంగుతయ్ అందుకే నొస్తున్నయ్ అంటే నవ్వరా మరి. వంగితే మంచిదే గదనే అంటరు. వాళ్లననుడు గుడ న్యాయం కాదు, బిగుసుకపోయిన కీలు ఎంత గోసో కండ్లార చూసిన్రు. ఫ్లోరైడ్ ముదిరితే ఎక్స్‌రేల కనవడతది. మాకు ఎక్స్‌రే మంచిగ, రక్తం మంచిగ, రిపోర్టులన్నీ నార్మల్. ఒక డాక్టరయితే ఫైలు మూసి, ఏం లేదమ్మా మనసుకు పట్టిచ్చుకుంటున్నవ్ అని గోలీలు రాసి పంపిండు. నీ బిడ్డకు ఇంత చిన్నప్పుడే పేరు తెలిసింది, ఒకరకంగ అదృష్టమే అనుకో.

ఇగ అసలు ముచ్చట. కీలు వంగుడు తోటి అంత నష్టం లేదు, ఆఖరిదాకా పోయి ఆడనే ఆనుకోని ఉండుడు తోటే నష్టం. నిలవడ్డప్పుడు మోకాలు ఎనుకకు పోయి లాక్ అయితది చూడు, చెయ్యి నేలకు ఆనిచ్చి లేసేటప్పుడు మోచెయ్యి ఉల్టా వంగుతది చూడు, గవ్వి. లిగమెంటు చెయ్యాల్సిన పని కండలు చెయ్యాల్సి వస్తది, అందుకే పొద్దంత ఏం పని చెయ్యకున్నా సాయంత్రం వరకు ఒళ్లు పచ్చి పుండు. నేను ఇంట్ల మార్చినయన్నీ ఈ ఒక్కదాని కోసమే, కీలు చివరిదాకా పోకముందే ఏదో ఒకటి దాన్ని ఆపాలె.

జొన్న రొట్టె సంగతి చెప్త. నీకు తెలుసు గదా రాత్రయితే మాకు రొట్టె లేకుంటే నడవది. రొట్టె తట్టేటప్పుడు నీ చేతిని నువ్వే చూస్కో, వేళ్లన్నీ సాపి తట్టినప్పుడల్ల వేలు మధ్య కణుపు కాడ ఎనుకకు వంగుతది, మణికట్టు ఎనుకకు పోతది, ఒక్క రొట్టెకే ఎన్ని దెబ్బలో. నాలుగు రొట్టెలు అయినంక నాకు చాయ కప్పు పట్టుకోరాకపోయేది. ఇప్పుడేం చేస్తున్న అంటే, ఉడుకు నీళ్లు పోసి గంటెతోటే కలిపి మూత పెట్టి ఇడిసిపెడ్త, పిండి తనంతట తనే నానుతది. తర్వాత పిడికిలి మూసి పిసుకుత, వేళ్లు సాపుడే లేదు. పీట నేల మీద కాదు, గట్టు మీద గుడ కాదు, నడుము కంటె జర కిందికుండే స్టూల్ మీద పెడ్త, అప్పుడు ఒంటి బరువే పని చేస్తది, గూడకు భారం పడది. తట్టుడు పూర్తిగ బంద్. రెండు పాల ప్యాకెట్ కవర్లు కోసి కడిగి పెట్టుకున్న, వాటి నడుమ ముద్ద పెట్టి అడుగు సాపుగున్న ప్లేటుతోటి వత్తుత, అంచులు జర కర్రతోటి సర్దుత. మా అత్తమ్మ మొదాలు, కర్రతోటి చేసింది రొట్టె ఎట్లయితదే అన్నది. పెంక మీద పొంగినంక మాట్లాడకుంట తిన్నది. చిన్న చిన్నయి చేస్త, పెద్ద రొట్టె లేపి పెంక మీద ఏసుడు గుడ మణికట్టుకు పనే.

నీళ్ల క్యాన్ ఇంకోటి. 20 లీటర్ల క్యాన్ అంటే 20 కిలోల పైనే, దాన్ని లేపి బోర్లిచ్చేటప్పుడే నా గూడ సగం జారింది ఒకసారి, ఆ నొప్పి పగోనికి గుడ వద్దు. క్యాన్ మూతి మీద పెట్టే చార్జింగ్ పంపు దొరుకుతది, పైన బటన్ వత్తితే నీళ్లొస్తయ్, క్యాన్ నేల మీదనే ఉంటది. మా ఇంట్ల కొన్న వస్తువులల్ల దానంత పనికొచ్చింది ఇంకోటి లేదు. క్యాన్ తెచ్చే పోరనితోటి వంటింటి దాంక లోపల పెట్టిచ్చుకుంట, సిగ్గేం లేదు. బిందెలు మాత్రం ముట్టను, సంకల పెట్టుకుంటె నడుము ఒక దిక్కు ఒరుగుతది. సగం నిండిన రెండు చిన్న గంజులు నయం.

కూరగాయల కోసం దారం గుంజే చాపర్ కొనకు, అందరు కొనమంటరు, ఆ దారం గుంజినప్పుడల్ల చూపుడు వేలు ఊడొస్తదేమో అనిపిస్తది. దొడ్డు పిడి ఉన్న కత్తి, కింద తడిగుడ్డ ఏసిన చెక్క, అంతే. సీసా మూత రాకుంటే గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజ్ తొడుక్కో, అప్పుడు వేళ్లతోటి గట్టిగ పట్టే పని లేకుంట అరచెయ్యే పట్టు ఇస్తది. స్టీలు గ్లాసులల్ల అంచు బైటికి ఉన్నయి కొను, బిడ్డ ఊకె గ్లాసులు పడేస్తది అంటున్నవ్ గదా, అది సోయి లేక కాదే. కీలు ఎంత వంగింది, చెయ్యి యాడున్నది అని మెదడుకు వచ్చే కబురు మాసొంటోళ్లకు జర సరిగ్గ అందది, అందుకే గడపలకు తాకుడు, చేతిలయి జారుడు. తిట్టకు.

బిడ్డ బడి ముచ్చటకొస్తే, పెన్ను సన్నది వద్దు, దొడ్డుది ఇయ్యి, లేకుంటే సైకిల్ ట్యూబ్ ముక్క కోసి చుట్టు, గట్టిగ వత్తితేనే రాసే బాల్ పెన్ను కంటె జెల్ పెన్ను నయం. నేనైతే బోర్డు మీద చాక్‌పీస్‌కు ప్లాస్టిక్ హోల్డర్ తగిలిచ్చి రాస్త, భుజం కంటె పైకి రాయను, పైన ఖాళీగ ఉంటే ఉండనీ, ఏ ఆఫీసరూ అడగలే ఇంతదాక. నేల మీద కూసునేటప్పుడు కాళ్లు రెండు దిక్కుల ఎనుకకు మడిచి కూసుంటది చూడు, దానికి అట్లనే సుఖం గుడ, గని మక్కెలకు మోకాళ్లకు మంచిది కాదు, ఊకె లొల్లి పెట్టకుంట చిన్న పీట ఏసి కూసోబెట్టు. ప్రార్థనల ఎక్కువసేపు నిలవెడ్తరు, మోకాళ్లు లాక్ చెయ్యకు జర సడలిచ్చి పెట్టు అని నేర్పియ్యి, రాసి రాసి నడుమ రెండు నిమిషాలు చెయ్యి ఆపుతది అని టీచర్‌కు ఒక చీటీ రాసియ్యి. ఒక టీచర్‌గ చెప్తున్న, చీటీ ఉంటే మేం గుర్తుపెట్టుకుంటం, నోటిమాట మర్చిపోతం.

ఇంకోటి, చుట్టాలు వచ్చినప్పుడల్ల బొటనవేలు వంచి సూపియ్యమనుడు ఈ రోజు నుంచే బంద్. నాకు తెలుసు నువ్వే సూపిస్తవ్ అని. పిల్లకు అందరు నవ్వి శబాష్ అంటే ఇంకింత వంచుతది. నన్ను చిన్నప్పుడు మా మేనమామలు రబ్బరు పిల్ల అని పిలిచేటోళ్లు, నేను ఎగురుకుంట మోచేతులు తిప్పి సూపిచ్చేదాన్ని.

యోగా ముచ్చట అడిగినవ్. యోగా సార్లకు మనల్ని చూస్తే పండగ, ఒక్కరోజుల అన్ని ఆసనాలు వచ్చేస్తయ్. వద్దు. మనకు సాగదీసుడు అక్కరలేదు, కండలు గట్టివడాలె. కీలు కదలకుంట కండ బిగవట్టుడు, తక్కువ దూరం మెల్లగ కదిలిచ్చుడు, గివ్వి ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోవాలె, హైపర్‌మొబిలిటీ తెలిసినోళ్లనే చూడు. ఈత గుడ చానమందికి పడతది, నీళ్లు బరువు మోస్తయ్ గదా, చేతులు మరీ దూరం విసరొద్దు అంతే. మోకాలికి మణికట్టుకు బెల్టులు పని చేసేటప్పుడు పెట్టుకో, పొద్దంత పెట్టుకుంటె కండలు సోమరి అయితయ్. కాలు బెణికినా గూడ జారినా నాటు కట్టు కట్టేటాయన కాడికి తోలుకపోకు, మీ మామ తప్పకుంట అంటడు, ఆడ గుంజి సరిచేస్తరు, మనకు గుంజుడు అంటేనే శత్రువు.

లేసి నిలవడంగనే బిడ్డకు కండ్లు చీకట్లు వస్తున్నయ్ అన్నవ్ గదా, అది గుడ మాసొంటోళ్లల్ల కొందరికి ఉంటది, పండుకున్నప్పుడు, లేసి నిలవడ్డంక నాడి ఎంత పెరిగిందో డాక్టర్ చూడాలె, నువ్వే అంచనా ఏసి ఉప్పు ఎక్కువ పెట్టకు. ఆయన సరే అంటే ఉప్పేసిన మజ్జిగ, అంబలి మనకు ఉండనే ఉన్నయ్. పొద్దున మంచం మీదనే పాదాలు ఆడిచ్చి, జరసేపు కూసోని అప్పుడు లేవమను. పంటి డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు గుడ ముందే చెప్పు, కొందరికి తిమ్మిరి సూది సరిగ్గ పట్టది, నాకైతే పట్టలే.

పండుకున్నప్పుడు తల కింద చెయ్యి పెట్టి పండుకోనియ్యకు, పొద్దునకు గూడ కదలది. పక్కకు తిరిగి మోకాళ్ల నడుమ మెత్త పెట్టుకోమను. ఫోన్ చిటికెన వేలు మీద ఆనిచ్చి చూసుడు నీకు గుడ అలవాటే, ఇద్దరికీ బంద్ చెయ్యి, స్టాండ్ కొను.

బస్సు సంగతి మర్చేపోయిన. ఆడోళ్లకు ఫ్రీ అయిన కాడికెళ్లి, అదే 2023 డిసెంబర్ నుంచి, సీటు దొరుకుడు కష్టమే అయింది. పైన రాడ్ పట్టుకోని ఏలాడితే బ్రేక్ ఏసినప్పుడల్ల గూడ గుంజుకపోతది. నేను డోర్ కాడ నిలువు రాడ్ ఉంటది చూడు, దానికి మోచెయ్యి చుట్టి కావలిచ్చుకోని నిలవడ్త. చూసేటోళ్లు నవ్వుతరు, నవ్వనీ. సీట్ల కూసున్నామెను నేనే నోరు తెరిచి అడుగుత, అక్కా నాకు కీళ్ల తక్లీఫ్ ఉన్నది, జర కూసుంట అని. చూడనీకి మంచిగనే ఉన్నవ్ గదా అంటరు. అంటే అననీ, బిడ్డకు గుడ ఆ అడుగుడు ఇప్పటి సంది నేర్పియ్యి, నాకది నేర్చుకోనీకి నలభై ఏండ్లు పట్టింది.

సద్దుల బతుకమ్మకు ఇద్దరు ఇటు రాండ్రి. ఆడేటప్పుడు వంగి చప్పట్లు కొట్టుడు మాకు నడుముకు మంచిది కాదు, గని ఆడకుంట ఉండుడు మనతోని కాదు. నిలవడే చప్పట్లు కొడ్త, రెండు సుట్లు తిరిగి బైటికొచ్చి కుర్చీల కూసోని పాట అందుకుంట, మల్ల పోత. బతుకమ్మ తాంబాలం వేళ్లతోటి పట్టకుంట రెండు ముంజేతుల మీద మోస్త. నీ బిడ్డను నా పక్కన కుర్చీల కూసోబెట్టుకుంట, దానికి పాటలు నేను నేర్పుత, నీకెట్లైనా రావు.

ఆ నీళ్ల పంపు మీ దగ్గర దొరకకుంటే మా నల్గొండ ప్రకాశం బజార్ల దొరుకుతది, నువ్వు అంటే కొని పెడ్త. బిడ్డ బెంచీ మీద కూసోని రాసేటప్పుడు పక్కకెళ్లి ఒక ఫోటో తీసి పంపు, దానికి చెప్పకుంట తియ్యి, చెప్తే సక్కగ కూసుంటది. మోచెయ్యి యాడ ఆనుతున్నదో చూసి బెంచీ ఎత్తు సంగతి చెప్త.

ఉంట మరి,
నీ రబ్బరు పిల్ల