బిల్లు మీద ‘వరద’ అని రాయమని అడగకండి

మా ఖాతాదారులందరికీ నమస్కారం. విజయవాడలో పన్నెండేళ్లుగా మీ స్లాబులకూ గోడలకూ వాటర్‌ప్రూఫింగ్, మరమ్మతులు చేస్తున్నాను. వానలు మొదలయ్యే ముందు ఏటా రాయితీల గురించి రాసేవాడిని. ఈసారి ఇంటి బీమా విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవడానికి రాస్తున్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి కదా. అక్కడ మాకు పాత ఖాతాదారైన ఒక మాస్టారు, “ఇంటికి బీమా ఉందయ్యా, ఈ పనంతా దాంట్లో వస్తుందా?” అని అడిగారు. “ఎందుకు రాదండీ, వరదేగా!” అన్నాను. పాలసీ కాగితం కంటితో కూడా చూడలేదు. ఆ ధైర్యంతో ఆయన పడకగది గోడ పనికి కూడా బయానా ఇచ్చారు. సామాను కొనేశాం.

తరువాత నష్టం లెక్కకట్టడానికి బీమా సంస్థ తరఫున సర్వేయర్ వచ్చాడు. హాల్లో నడుము ఎత్తున, దారం పట్టి గీసినట్టు నీటి చార. దాని కింద పాడైనదంతా ఓపికగా రాసుకున్నాడు. పడకగదిలో స్నానాల గదిని ఆనుకున్న గోడ దగ్గర ఆగి, చారకు రెండడుగుల పైన ఉబ్బిన పెచ్చును పెన్నుతో గీకాడు. పైన నీలం, దాని కింద లేత గులాబీ, ఆ కింద సున్నం. పొర పొరకీ మధ్య తెల్లగా ఉప్పు. “ఇది ఎన్నో ఏళ్ల చెమ్మండీ” అన్నాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు, ఆ నీలం రంగు వేసింది మేమే. ఆ గోడకు రూపాయి రాలేదు. నేను కూలి వదులుకున్నాను, సామాను ఖర్చు మాస్టారే భరించారు.

ఆ తరువాతే పాలసీలు చదవడం మొదలుపెట్టాను. ఇళ్ల కోసం ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే తరహా పాలసీని అగ్ని బీమా చేసే సంస్థలన్నీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. అందులో ఏయే ప్రమాదాలకు డబ్బు వస్తుందో ఒక జాబితా ఉంటుంది: అగ్ని, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు, అల్లర్లు, నీళ్ల ట్యాంకు గానీ పైపు గానీ పగలడం వంటివి. జాబితాలో లేనిది ఎంత నష్టం చేసినా లెక్కలోకి రాదు. పైపు ఒక్కసారిగా పగిలి ఇల్లంతా నీళ్లయితే అడగవచ్చు, అదే పైపు మూడేళ్లపాటు బొట్టు బొట్టుగా గోడలోకి ఊరితే అడగలేం. కొత్త కట్టడం నేలలో కుదురుకునేటప్పుడు వచ్చే పగుళ్లకూ, నాసిరకం కట్టుబడికీ రాదు. అంటే నాలాంటి వాళ్లు చేసిన తప్పులకు బీమా లేదన్నమాట!

దొంగతనం సంగతి చాలామందికి తెలియదు. వరద వంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల లోపు ఇంట్లో సామాను పోతే ఈ పాలసీ చూస్తుంది. మామూలు రోజుల్లో దొంగలు పడితే చూడదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి. బంగారు నగలకు విడిగా అదనపు రక్షణ కొనాలి. షార్ట్ సర్క్యూట్‌తో ఫ్రిజ్ కాలితే ఆ ఫ్రిజ్‌కు రాదు, మంట కర్టెన్లకు అంటుకుంటే కర్టెన్లకు వస్తుంది. వింతగా ఉన్నా రాత అదే.

“మా ఫ్లాటు అరవై లక్షలు, ఇరవై లక్షలకే బీమా చేశారేమిటి?” అని ఒకావిడ అడిగారు. బీమా స్థలానికి కాదు, కట్టడానికి. కార్పెట్ ఏరియా వెయ్యి చదరపు అడుగులు, కట్టుబడి ఖర్చు అడుగుకు రెండు వేలు అనుకుంటే ఇరవై లక్షలే అవుతుంది. అందులో 20 శాతం, అంటే నాలుగు లక్షలు, ఇంటి సామానుకు దానంతట అదే వర్తిస్తుంది. దీని గరిష్ఠ పరిమితి పది లక్షలు. ఇంకా ఎక్కువ కావాలంటే సామాను వివరాలు ఇచ్చి పెంచుకోవాలి. ఇంకో మాట, ఇంటి రుణంతో పాటు బ్యాంకులో కట్టించుకున్నది మీ ప్రాణానికి బీమానో ఇంటికి బీమానో ఒకసారి కాగితం తీసి చూసుకోండి.

ఇక మా పద్ధతి. ఈ వానాకాలం నుంచి ప్రమాదం వల్ల పాడైనదానికీ పాత చెమ్మకూ రెండు వేర్వేరు అంచనాలు ఇస్తాం. గోడ మీద సుత్తి పడకముందే తేదీతో ఫొటోలు తీసి మీకు పంపుతాం. సర్వేయర్ చూసేదాకా పాడైన సామాను పారేయకండి, పెచ్చులు మేమూ కొట్టం. ఊటకు చేసిన పనిని బిల్లులో ‘వరద నష్టం’ అని రాయం. ఇప్పటికే ఇద్దరు పాత ఖాతాదారులు ఈ విషయంలో కోపగించుకుని వేరే మేస్త్రీని పెట్టుకున్నారు. బాధగానే ఉంది, కానీ ఆ బిల్లు కింద సంతకం నాది.

బీమా వస్తుందా రాదా అని నన్ను అడిగితే ఇకమీదట “సంస్థను అడగండి” అనే చెబుతాను.

మాస్టారి గోడకు ఈ ఏప్రిల్‌లో మళ్లీ పుట్టీ పెట్టాం. ఈసారి ముందు స్నానాల గదిలో పైపు మార్చాం.