ఆరోగ్య మంత్రి గారికి: కండోమ్‌తోపాటు జెల్లీ కూడా ఇప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడలో, మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్ల మధ్య హెచ్‌ఐవీ నివారణ పని చేస్తుంటాను. ఈ ఉత్తరం కపోసి సార్కోమా అనే కాన్సర్ గురించి. 1981లో న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో కొందరు గే యువకుల ఒంటిమీద లేచిన ఊదారంగు మచ్చలు ఇవే. ఎయిడ్స్‌ను బయటపెట్టిన జబ్బుల్లో ఇదొకటి.

అప్పుడు అందరూ వాళ్ల అలవాట్ల మీద పడ్డారు. పార్టీల్లో మత్తు కోసం పీల్చే పాపర్స్ అనే రసాయనాల వల్లే ఇది వస్తోందని కొన్నాళ్లు గట్టిగా అనుమానించారు. 1994లో చాంగ్, మూర్ అనే శాస్త్రవేత్త దంపతులు అసలు దొంగను పట్టుకున్నారు: హెచ్‌హెచ్‌వీ-8 అనే హెర్పిస్ వైరస్. భాగస్వాములు పెరిగేకొద్దీ అది సోకే ముప్పు పెరుగుతుందన్నది నిజమే. కానీ ఆ వైరస్ ఎక్కువగా దొరికేది ఉమ్మిలో. అంటే అది సోకేది గాఢమైన ముద్దుల్లో, సెక్స్‌లో జారుడు కోసం వాడే జెల్లీ దొరక్క ఉమ్మితో సరిపెట్టుకున్నప్పుడు. వీటికి కండోమ్ అడ్డుపడదు. ముద్దులు మానమని నేనూ చెప్పలేను, మీరూ చెప్పలేరు. జెల్లీ ప్యాకెట్ మాత్రం ఇవ్వగలం కదా సార్. కండోమ్ చిరగకుండా కూడా అదే కాపాడుతుంది.

వైరస్ సోకిన అందరికీ కాన్సర్ రాదు. హెచ్‌ఐవీకి మందు వాడక ఒంట్లో రోగనిరోధక శక్తి పడిపోయినప్పుడు అది ఎక్కువగా విజృంభిస్తుంది. మందు మొదలుపెడితే చాలామందిలో మచ్చలు తగ్గుముఖం పడతాయి, కొందరికి కీమో కావాలి. మన దేశంలో ఈ జబ్బు అరుదు. అరుదు కాబట్టే తొందరగా గుర్తుపట్టరు. చామనఛాయ ఒంటిమీద అది దెబ్బ తగిలి కమిలినట్టు నల్లగా ఉంటుంది. మామూలుగా నొప్పి, దురద ఉండవు. నోట్లో అయితే అంగిట్లో వస్తుంది. టార్చి వేసి చూడటానికి అర నిమిషం చాలు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో ప్రతిసారీ ఆ అర నిమిషం పెట్టమని ఆదేశించండి.

కౌన్సిలింగ్ సంగతీ చెప్పాలి. "పెళ్లయిందా?" అంటారు. "అయింది, ఇద్దరు పిల్లలు" అంటాడు మనవాడు. అక్కడితో సరి. మగవాళ్లతో కూడా సంబంధం ఉందా అని మామూలు గొంతుతో అడిగితే చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇది నేరం కాదన్నా, ఊళ్లో టెన్షన్ తగ్గలేదు. బెజవాడవాళ్లు మందులకు గుంటూరు బస్సెక్కుతారు, గుంటూరువాళ్లు బెజవాడకు వస్తారు. మాత్రలను బి-కాంప్లెక్స్ సీసాలోకి మార్చుకుని, అసలు డబ్బా దారిలోనే పారేస్తారు. 2017 హెచ్‌ఐవీ చట్టంలో గోప్యత హక్కు ఉంది. అది కౌంటర్ దగ్గర పేరు పెట్టి గట్టిగా పిలవకపోవడంతో మొదలవ్వాలి.

2021 కేంద్ర అంచనాల్లో దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతమైతే, మన రాష్ట్రంలో 0.67 శాతం. ఇన్నేళ్లూ కండోమ్‌లు పంచుతూనే ఉన్నాం. జెల్లీ మాత్రం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అది కేంద్రం నుంచి రావాలని మీ అధికారులు అంటారు. అలాగైతే ఢిల్లీకి మీరే ఒక ఉత్తరం రాయండి, ఈలోగా రాష్ట్రం డబ్బుతో కొనిపించండి.

ఇట్లు,
ఒక ఔట్‌రీచ్ వర్కర్,
విజయవాడ